తీర్చబడుట

మా నాన్న జెకర్యా లస్కరు.
నరసాపురం కాలువ మీద లాకు తలుపులూ,
దిగువ తూము షట్టర్లూ ఆయన చేతిలో ఉండేవి.
మొలకి తాళాల గుత్తి. చంకలో నల్లట్ట పుస్తకం.

పొద్దువాలితే లాకు దూలం మీద ఒక చివర ఆయన,
ఇంకో చివర కొబ్బరిపీచు పేనుతూ ఇన్నాసయ్య మావయ్య.
మేం లూథరన్లం, ఆయన ఆర్సీయమ్.
ఇద్దరి మధ్యా ఒక్క మాట:
తీర్చబడుట.

"తీర్పరి తీర్చేశాడు బావా.
మన ఖాతా కొట్టేసి
ఇంకొకాయన నీతిని మన పేర రాశాడు.
నమ్మడమొక్కటే మనది.
మాటవరసకన్నాను, అదీ ఇచ్చిందే."

మావయ్య మెలి బిగించేవాడు.
"తీర్చడమంటే తీర్చిదిద్దడం కాదంటావా?
పీచుని పట్టుకుని తాడని రాసేస్తే తాడైపోద్దేంటయ్యా?
నానాలి, దెబ్బలు తినాలి, మెలిపడాలి.
పేనేది ఆయనే, నేను కాదన్ను.
పేనబడాలా, వద్దా?"

"పీచుగా ఉన్నప్పుడే తాడని పిలిచాడు. అదీ సువార్త."

"ఆ తాడుతో పడవ కట్టి చూడు."

లోపల్నుంచి అమ్మ కేక:
"పులుసు చల్లారిపోతంది, రండి,
మీ తీర్పులు పాడుగాను."

నేను పలక మీద రాసుకునేదాన్ని.
అప్పు తీర్చుట. తగువు తీర్చుట.
ముగ్గు తీర్చుట. దాహం తీర్చుట.
ఒక్క కాలువ, ఇన్ని బోదెలు.
ఏ బోదెలోంచి వెళ్తే పరలోకం వస్తుందో
మా సండే స్కూల్ టీచరుకీ తెలీదు.

ముప్పై ఏళ్లు. ఎవరూ గెలవలేదు, ఎవరూ మానలేదు.

తర్వాత నాన్న ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.
తియ్యలేమని భీమవరం ఆసుపత్రి ఇంటికి పంపేసింది.
అన్నేళ్లు నీళ్లు వదిలిన మనిషి
మూడు దిళ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు.

ఒక రాత్రి నిద్రపోలేదు.

"ఆ ఏడు దాళ్వాకి వంతులు పెట్టారమ్మా.
గురువారం నీళ్లు శివారుకెళ్లాలి.
ఎగువ రొయ్యల చెరువుకి తిప్పాను.
రెండొందలు ఇచ్చారు. నీకప్పుడు టైఫాయిడ్.
శివార్లో గంటా సత్తెయ్య ఎకరం నలభై సెంట్లు
పొట్టమీద ఎండిపోయింది.
గట్టు మీద నుంచి చూశాను.
సైకిలు దిగలేదు."

నువ్వే అన్నావుగా నాన్నా, కొట్టేశారని.
అనబోయి, గ్లాసు కడగడానికి లేచాను.

తెల్లారాక మావయ్య వచ్చాడు.
"సత్తెయ్యకిచ్చెయ్యాలి బావా, ఎంతైనా సరే.
ఇవ్వకుండా ఎలా వెళ్లను?"

పాపసంకీర్తనం ఎగ్గొట్టని మనిషి,
చేసినదానికి చెయ్యాల్సిందే అనే మనిషి,
పీచు గీరుకుపోయిన అరచేతుల్తో
నాన్న చెయ్యి పట్టుకున్నాడు.
"ఎప్పుడో తీరిపోయింది జెకర్యా.
నీ పేర రాసేశారు. పడుకో."

నాన్న నవ్వితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు.
"నా సరుకు నాకే అమ్ముతున్నావా?"

"నీ దగ్గర అరువు తెచ్చిందేగా."

కాలువ కట్టేసిన వారం పోయాడు.
అడుగున బురద, నత్తలు, ఎవరిదో పిల్లల చెప్పు.
పాదిరిగారు విశ్వాసం గురించి చదువుతుంటే
మావయ్య జేబులో జపమాల కదులుతూనే ఉంది.
పెట్టెని దించింది ఆయన పేనిన తాళ్లే.
అవి తెగలేదు.

జూన్లో నీళ్లు వదిలాక
పీఎఫ్ డబ్బులు కవర్లో పెట్టుకుని శివారుకెళ్లాను.
సత్తెయ్య లేడు. ఆ చేనూ లేదు,
అక్కడిప్పుడు చెరువు, ఏరేటర్లు తిరుగుతున్నాయి.
కొడుకు సూరిబాబు అంతా విన్నాడు.
"ఆ ఏడేనండి, మా అన్న బడి మానేసింది."

కవరు మంచం మీద, మా ఇద్దరి మధ్యా ఉంది.
ముట్టుకోలేదు. తీసుకెళ్లమనీ అనలేదు.
క్షమించానని అనలేదు, అడగడానికి నాకూ నోరు రాలేదు.
ఏరేటర్లు ఆగకుండా నీటిని కొడుతున్నాయి.

"ఎండన పడొచ్చారు" అని లేచి
చెంబుతో మంచినీళ్లు తెచ్చాడు.

ఉప్పగా ఉన్నాయి.
చెంబెడూ తాగాను.